కొవ్వెంత, కండెంత, బలమెంత: ఆటగాళ్లకూ రోగులకూ సరిగ్గా కొలిచే పద్ధతి

"పోయిన నెల మెషిన్ ఫ్యాట్ 24 శాతం అని చూపించింది, ఈ నెల 27 అంటోంది. బరువేమో అంతే ఉంది. నా కండ కరిగిపోతోందా?" ఇలాంటి ప్రశ్నలు ఆటగాళ్ల నుంచీ, పెద్దవయసు తల్లిదండ్రులను చూసుకునేవాళ్ల నుంచీ వస్తూనే ఉన్నాయి. చాలాసార్లు కండ ఎక్కడికీ పోదు. కొలిచిన పరిస్థితి మారుతుంది, అంతే.

ఒకసారి తీసిన అంకెతో పెద్దగా తెలిసేదేమీ ఉండదు. ఒకే మనిషిని, ఒకే పరికరంతో, ఒకే పరిస్థితుల్లో మళ్లీ మళ్లీ కొలిస్తేనే ఆ అంకెలకు విలువ. దానికి తోడు బలం కూడా కొలవాలి. కండ బరువు ఒక్కటే చూసి కండ ఆరోగ్యం చెప్పలేం.

ఈ గైడ్ కోచ్‌లకు, ఫిజియోలకు, డైటీషియన్లకు, ఇంట్లో పేషెంట్‌ను చూసుకునేవాళ్లకు పనికొస్తుంది. జబ్బును నిర్ధారించాల్సింది మాత్రం డాక్టరే.

## 1. మెషిన్ కంటే ముందు ప్రశ్న

ఏం తెలుసుకోవాలో తేల్చుకోకుండా స్కాన్‌కు డబ్బు కట్టకండి. ప్రశ్నను బట్టే పరికరం.

బరువు కేటగిరీ ఉన్న ఆటగాళ్లు (కుస్తీ, బాక్సింగ్, వెయిట్‌లిఫ్టింగ్, కబడ్డీ): కండ పోకుండా ఎంత తగ్గవచ్చన్నది ఇక్కడి ప్రశ్న. చర్మపు మడతలు (చర్మాన్ని కింది కొవ్వుతో కలిపి పట్టుకుని కొలిచే మందం), టేపు కొలతలు, బరువు చాలు. వీలైతే సీజన్‌కు రెండు డెక్సా స్కాన్‌లు (ఎక్స్-రేతో ఎముక, కొవ్వు విడదీసి చూపే స్కాన్).

65 దాటి, నడక మందగించిన పెద్దలు: ముందు పట్టు బలం (చేత్తో ఎంత గట్టిగా నొక్కగలరో), కుర్చీ పరీక్ష (కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవడం), పిక్క చుట్టుకొలత. వాటిలో లోటు కనిపిస్తేనే డెక్సా లేదా బీఐఏ (ఒంట్లోకి సన్నని కరెంటు పంపి కొలిచే మెషిన్).

షుగర్ ఉన్నవాళ్లు, బరువు తగ్గే ఇంజెక్షన్లు వాడుతున్నవాళ్లు: బరువు, నడుం చుట్టుకొలత, పట్టు బలం. బరువు వేగంగా తగ్గేటప్పుడు కొవ్వుతో పాటు కండ కూడా కొంత పోతుంది. కాబట్టి మందు మొదలుపెట్టే ముందే ఒకసారి కొలిచి ఉంచుకోవాలి. మొదటి కొలత లేకపోతే తర్వాత పోల్చడానికి ఏమీ మిగలదు.

డయాలసిస్, లివర్, గుండె జబ్బు పేషెంట్లు: ఒంట్లో నీరు చేరుతుంది కాబట్టి బరువునూ బీఐఏనూ నేరుగా నమ్మలేం. పట్టు బలం, జబ్బ కండ కొలత ముఖ్యం.

బీఎంఐ (కిలోల బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగించిన అంకె) ఒక్కటే చూసి వదిలేయకండి. పుణెకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ వైద్య పత్రికలో తమ ఇద్దరి ఫొటో, కొలతలు వేశారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. మనవాళ్లలో సన్నగా కనిపిస్తూనే కొవ్వు ఎక్కువ, కండ తక్కువ ఉండేవాళ్లు చాలామంది ఉన్నారు. "బీఎంఐ నార్మలే కదా" అన్న మాట అలాంటివాళ్ల విషయంలో ఏమీ చెప్పదు.

## 2. ఏ పరికరం ఏం కొలుస్తుంది

టేపు: చుట్టుకొలత మాత్రమే. కొవ్వు, కండ విడదీయదు. కానీ చవక, ఎక్కడికైనా తీసుకెళ్లవచ్చు.

కాలిపర్: చర్మపు మడతను పట్టి కొలిచే పట్టకారు లాంటిది. చర్మం కింద కొవ్వు మందాన్ని మిల్లీమీటర్లలో చెబుతుంది. పొట్ట లోపల, అవయవాల చుట్టూ ఉన్న కొవ్వు దీనికి కనిపించదు.

బీఐఏ: ఒంట్లోకి అతి సన్నని కరెంటు పంపి అడ్డంకిని కొలుస్తుంది. అది నిజంగా కొలిచేది ఈ అడ్డంకి ఒక్కటే. నీరెంత, కండెంత, కొవ్వెంత అన్నవన్నీ దాని నుంచి లెక్కకట్టిన అంచనాలు.

డెక్సా: రెండు రకాల ఎక్స్-రే శక్తులతో ఎముక, కొవ్వు, మిగతా మెత్తని భాగాన్ని విడదీస్తుంది. రిపోర్టులో "లీన్" అని ఉన్నదంతా కండ కాదు. నీరు, అవయవాలు కూడా అందులోవే. అందుకే కండ కోసం చేతులు, కాళ్ల లీన్ మాత్రమే కలిపి చూస్తారు.

సీటీ, అల్ట్రాసౌండ్ ఆసుపత్రి పనులు. క్యాన్సర్ పేషెంట్‌కు ఎలాగూ తీసిన సీటీలో నడుం మూడో వెన్నుపూస దగ్గర కండ వైశాల్యం చూడవచ్చు. ఐసీయూలో తొడ కండ మందాన్ని అల్ట్రాసౌండ్‌తో చూస్తారు. కేవలం కండ చూడడం కోసం ఎవరికీ సీటీ తీయించకండి.

## 3. తయారీ: సగం తప్పులు ఇక్కడే

పొద్దున్నే, ఖాళీ కడుపుతో, బాత్రూమ్‌కు వెళ్లొచ్చాక కొలవడం అన్నిటికంటే మంచిది. అది కుదరకపోతే మరో టైమ్ ఎంచుకోండి. ఒకసారి ఎంచుకున్నాక ప్రతిసారీ అదే టైమ్.

ముందు రోజు చెక్‌లిస్ట్

- 12 గంటల ముందు నుంచి వ్యాయామం వద్దు
- 24 గంటల ముందు నుంచి మద్యం వద్దు
- మామూలు భోజనం, మామూలుగా నీళ్లు. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు
- ఉపవాసం ఉన్న రోజూ, దాని మర్నాడూ వద్దు. రంజాన్ నెలలో తీస్తే ఆ మాట రాసి పెట్టాలి
- జ్వరం, విరేచనాలు ఉంటే వారం వాయిదా

ఆ పూట చెక్‌లిస్ట్

- కనీసం 4 గంటలుగా ఏమీ తినకూడదు
- మూత్రానికి వెళ్లి రావాలి
- ఒంటికి నూనె, క్రీమ్ రాయకూడదు. రాస్తే కాలిపర్‌లో మడత జారుతుంది, బీఐఏ ఎలక్ట్రోడ్ (ఒంటికి కరెంటు అందించే బిళ్ల) అంటుకోదు
- పలుచని బట్టలు, ప్రతిసారీ అలాంటివే
- వాచీ, గొలుసులు, గాజులు, బెల్టు తీసేయాలి
- మొలతాడు ఉంటే కొలతకు అడ్డం రాకుండా కిందికి జరపాలి. వెండిదైతే డెక్సాకు ముందు తీసేయాలి

మెట్టెలు, మంగళసూత్రం తీయడానికి చాలామంది ఇష్టపడరు. బలవంతం చేయకండి. ఏవేవి ఒంటి మీద ఉన్నాయో రాసుకుని, తర్వాతిసారీ అలాగే ఉంచండి. రెండుసార్లూ ఒకే తప్పు ఉంటే తేడాలో అది చాలావరకు పోతుంది.

ఆటగాళ్లను తప్పక అడగాల్సినవి రెండు. క్రియాటిన్ (కండ కోసం వాడే పొడి) మొదలుపెట్టారా? పోటీ కోసం అన్నం, పిండి పదార్థాలు పెంచారా? కండలో నిల్వయ్యే ప్రతి గ్రాము గ్లైకోజన్‌తో (పిండి పదార్థాల నిల్వ రూపం) పాటు దాదాపు 3 గ్రాముల నీరు చేరుతుంది. నాలుగు రోజుల్లో "లీన్" కిలో పెరిగినట్టు కనిపిస్తే అది కొత్త కండ కాదు.

ఆడవాళ్లకు నెలసరి చక్రంలో ఒకే దశలో కొలవండి. నెలసరికి ముందు రోజుల్లో నీరు నిలిచి అంకెలు జరుగుతాయి.

మన ఊళ్లలో మే నెల ఎండ సంగతి వేరే చెప్పక్కర్లేదు. చెమటతో నీరు తగ్గినప్పుడు తీసిన కొలతనూ జనవరిలో తీసినదాన్నీ పక్కపక్కన పెట్టి నిర్ణయాలు తీసుకోకండి.

## 4. బరువు, ఎత్తు, టేపు

బరువు మెషిన్‌ను గట్టి నేల మీద పెట్టండి, చాప మీదా కార్పెట్ మీదా కాదు. నెలకోసారి జిమ్‌లోని 20 కిలోల ప్లేటు పెట్టి సరిచూడండి. ప్లేటు బరువు అచ్చంగా 20 ఉండకపోవచ్చు, అయినా ఫర్వాలేదు. ప్రతి నెలా అదే ప్లేటుకు అదే అంకె రావాలి.

ఎత్తును పొద్దున తీయాలి. సాయంత్రానికి సుమారు సెంటీమీటరు తగ్గుతుంది. మడమలు గోడకు ఆనించి, చూపు నేరుగా ఉంచి, ఊపిరి పీల్చి నిలబెట్టినప్పుడు చదవండి. నడుం వంగిన పెద్దలకు చేతులు బార్లా చాపించి, ఒక చేతి మధ్యవేలి కొన నుంచి రెండో చేతి మధ్యవేలి కొన వరకు తీసిన కొలతను ఎత్తుకు బదులు వాడవచ్చు. ఏది వాడారో రాయండి.

టేపు సాగకూడదు. దర్జీ బట్ట టేపు కొన్నాళ్లకు సాగుతుంది, కాబట్టి స్టీలుదో ఫైబర్‌గ్లాసుదో కొనండి.

నడుం: చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ మధ్య. మామూలుగా ఊపిరి వదిలిన చివర్లో చదవాలి. చీర కుచ్చిళ్ల మీద నుంచి కొలిచిన అంకె పనికిరాదు, టేపు ఒంటికే తగలాలి. మనవాళ్లలో మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే పొట్ట కొవ్వు ఎక్కువని లెక్క.

జబ్బ: భుజం చివరి ఎముకకూ మోచేతి ఎముకకూ మధ్య బిందువు దగ్గర. చేయి వేలాడుతూ వదులుగా ఉండాలి.

పిక్క: కూర్చోబెట్టి, పాదం నేలకు ఆనించి, మోకాలు 90 డిగ్రీలు ఉండేలా. టేపును పైకీ కిందికీ జరుపుతూ అన్నిటికంటే లావైన చోటు పట్టుకోవాలి. రెండు కాళ్లూ కొలిచి పెద్ద అంకె తీసుకోండి.

టేపు చర్మాన్ని తాకాలి, నొక్కకూడదు. తీసేశాక చర్మం మీద గీత పడి ఉంటే బిగించారని అర్థం, మళ్లీ తీయండి.

## 5. చర్మపు మడతలు: చేయి తిరగాల్సిన పని

ఆటగాళ్లకు నేను ముందుగా చెప్పేది ఇదే. ఖర్చు తక్కువ, నీటి మార్పుల ప్రభావం బీఐఏ కంటే తక్కువ, గ్రౌండ్‌లోనే చేయవచ్చు. అయితే ఇరవై ముప్పై మంది మీద ప్రాక్టీస్ చేయకుండా ఎవరికీ రిపోర్టు ఇవ్వకండి.

అన్నీ కుడివైపే. ముందు ఎముకలు తడిమి, పెన్సిల్‌తో గుర్తులు పెట్టాలి. కంటి అంచనాతో పట్టుకుంటే ప్రతిసారీ చోటు మారుతుంది. ఒక్క సెంటీమీటరు జరిగినా అంకెలో తేడా కనిపిస్తుంది.

అంతర్జాతీయంగా ఐశాక్ (ఒంటి కొలతల ప్రమాణాలు పెట్టే సంస్థ) పద్ధతిలో వాడే 8 చోట్లు:

1. జబ్బ వెనక, మధ్య ఎత్తులో, నిలువు మడత
2. భుజం రెక్క ఎముక కింది మొన నుంచి 2 సెంటీమీటర్లు, బయటికీ కిందికీ ఏటవాలుగా
3. జబ్బ ముందు, అదే ఎత్తులో, నిలువు
4. తుంటి ఎముకకు సరిగ్గా పైన, చంక మధ్య గీత మీద, దాదాపు అడ్డం
5. తుంటి ముందు ఎముక పైభాగం, కొద్దిగా ఏటవాలు
6. బొడ్డుకు కుడిపక్క 5 సెంటీమీటర్లు, నిలువు
7. తొడ ముందు, గజ్జ మడతకూ మోకాలి చిప్పకూ మధ్య, తొడ పొడవునా
8. పిక్క లోపలి వైపు, లావైన చోట, నిలువు

పట్టుకునే వరుస

- ఎడమ చేతి బొటనవేలు, చూపుడువేలితో గుర్తు మీద చర్మం, కొవ్వు కలిపి పట్టుకుని కండ నుంచి పైకి తీయండి
- కండ కూడా వచ్చిందేమో అనుమానం వస్తే ఆ కండ బిగించమనండి. వేళ్ల మధ్య నుంచి జారిపోతే అది కండే, మళ్లీ పట్టుకోండి
- కాలిపర్‌ను వేళ్లకు 1 సెంటీమీటరు దూరంలో, మడతకు లంబంగా పెట్టండి
- కాలిపర్ పూర్తిగా వదిలాక 2 సెకన్లకు చదవండి. ఆలస్యమైతే కొవ్వు నలిగి అంకె తగ్గుతూ పోతుంది
- అంకె చదివే దాకా ఎడమ చేతి పట్టు వదలకూడదు
- ఎనిమిదీ ఒక రౌండ్ పూర్తి చేసి, మళ్లీ మొదటి నుంచి రెండో రౌండ్. ఒకేచోట వెంటవెంటనే రెండుసార్లు పట్టుకోవద్దు
- రెండిటి మధ్య తేడా 5 శాతం దాటితే మూడోసారి. రెండయితే సగటు, మూడయితే మధ్య అంకె

ఎనిమిదీ కలిపిన మొత్తాన్ని మిల్లీమీటర్లలోనే రాసి ఉంచండి. మడతలను కొవ్వు శాతంగా మార్చే సూత్రాలు చాలా ఉన్నాయి. డర్నిన్, వామర్‌స్లీ 1974లో ఇచ్చినదీ, జాక్సన్, పొలాక్ 1978లో ఇచ్చినదీ ఎక్కువగా వాడతారు. అవి వేరే దేశాల మనుషుల మీద కట్టినవి. ఒకే మనిషికి రెండు సూత్రాలు రెండు శాతాలు ఇస్తాయి. మిల్లీమీటర్ల మొత్తానికి ఆ గొడవ లేదు.

జబ్బ కండ లెక్క: పేషెంట్లకు ఇది చాలా పనికొస్తుంది. జబ్బ చుట్టుకొలతలోంచి, జబ్బ వెనక మడతను సెంటీమీటర్లలోకి మార్చి 3.14తో గుణించి తీసేయాలి. జబ్బ 30 సెంటీమీటర్లు, మడత 12 మిల్లీమీటర్లు అనుకుందాం. 1.2ను 3.14తో గుణిస్తే 3.8. 30 లోంచి తీస్తే 26.2. బరువు తగ్గినా ఈ అంకె నిలబడితే పోయింది ఎక్కువగా కొవ్వే.

## 6. బీఐఏ: నీటిని గుర్తుపెట్టుకుని చదవాలి

కండలో నీరు ఎక్కువ, కరెంటు తేలిగ్గా పోతుంది. కొవ్వు అడ్డుకుంటుంది. ఒంట్లో నీరు తగ్గితే అడ్డంకి పెరుగుతుంది, మెషిన్ దాన్ని కొవ్వు కింద లెక్కేస్తుంది. కాళ్లకు నీరు పడితే ఆ నీటినే కండగా చూపిస్తుంది. మొదట చెప్పిన 24, 27 శాతాల ప్రశ్నకు చాలాసార్లు జవాబు ఇదే.

ఎవరికి వద్దు: పేస్‌మేకర్, గుండెలో పెట్టిన ఇతర కరెంటు పరికరాలు ఉన్నవాళ్లకు, గర్భిణులకు.

వరుస

1. పడుకుని తీసే మెషిన్ అయితే 5 నుంచి 10 నిమిషాలు కదలకుండా పడుకోబెట్టండి
2. చేతులు ఒంటికి, తొడలు ఒకదానికొకటి తగలకూడదు. తగులుతుంటే మధ్య పొడి గుడ్డ పెట్టండి
3. అరచేతులు, అరికాళ్లు తడిగుడ్డతో తుడవండి. చెప్పుల్లేకుండా తిరిగే మనవాళ్ల మడమలు మొద్దుబారి, పగిలి ఉంటాయి. అక్కడ కరెంటు సరిగా పోదు
4. వయసు, ఎత్తు, ఆడా మగా సరిగ్గా ఎక్కించండి. ఎత్తు తప్పయితే అంతా తప్పే
5. రెండుసార్లు తీయండి. చాలా తేడా వస్తే పాదాలు మళ్లీ తుడిచి మూడోసారి

ఇంట్లో కాళ్లతో మాత్రమే నిలబడే మెషిన్‌లో కరెంటు కాళ్లలోంచే తిరిగి పోతుంది. పైభాగం సంగతి అంచనాయే. చేతులకూ ఎలక్ట్రోడ్లు ఉన్నది మేలు. ఒక కంపెనీ మెషిన్ అంకెను ఇంకో కంపెనీ అంకెతో ఎప్పుడూ పోల్చకండి.

మెషిన్ ఫేజ్ యాంగిల్ (ఒంట్లోని కణాలు కరెంటును ఎంత ఆలస్యం చేస్తున్నాయో డిగ్రీల్లో చెప్పే అంకె) చూపిస్తే దాన్నీ రాసుకోండి. అది బరువు, ఎత్తు సూత్రాల మీద ఆధారపడకుండా నేరుగా కొలత నుంచే వస్తుంది. దీర్ఘకాల జబ్బుల్లో అది తగ్గుతూ పోతుంటే డాక్టర్‌కు చూపించాలి.

## 7. డెక్సా: అడిగి తీయించుకోవాలి

చాలా స్కాన్ సెంటర్లలో డెక్సా అంటే ఎముక సాంద్రత కోసం నడుం, తుంటి మాత్రమే తీస్తారు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే "హోల్ బాడీ కంపోజిషన్ కావాలి, చేతులు, కాళ్ల అంకెలు విడిగా రిపోర్టులో రావాలి" అని చెప్పండి. రేడియేషన్ ఛాతీ ఎక్స్-రే కంటే తక్కువ. అయినా గర్భిణులకు వద్దు. ఇటీవల బేరియం పరీక్షో న్యూక్లియర్ స్కానో జరిగి ఉంటే ముందే చెప్పాలి.

మళ్లీ వెళ్లినప్పుడు అదే సెంటర్, అదే మెషిన్, వీలైతే అదే టెక్నీషియన్. చేతులు పెట్టిన తీరు కూడా అదే ఉండాలి. రెండు స్కాన్‌ల మధ్య కనీసం 3 నెలలు ఉండనివ్వండి.

లెక్క: రెండు చేతులు, రెండు కాళ్ల లీన్ కలిపి, మీటర్లలో ఎత్తు వర్గంతో భాగించాలి. 1.60 మీటర్ల ఎత్తున్న ఆవిడకు ఆ మొత్తం 13 కిలోలు అనుకోండి. 13ను 2.56తో భాగిస్తే 5.08. ఆసియా సార్కోపీనియా (వయసుతో కండ, బలం తగ్గడం) వర్కింగ్ గ్రూప్ 2019 ప్రకారం డెక్సాలో ఆడవాళ్లకు 5.4, మగవాళ్లకు 7.0 కంటే తక్కువైతే కండ తక్కువ. బీఐఏతో తీస్తే ఆడవాళ్లకు హద్దు 5.7, మగవాళ్లకు 7.0. ఇవి పెద్దవయసువాళ్ల కోసం పెట్టిన హద్దులు, కుర్ర ఆటగాళ్ల మీద వాడకండి.

## 8. బలం: వదలకూడని భాగం

స్కాన్‌కు డబ్బు లేకపోయినా ఈ మూడూ చేయవచ్చు. పెద్దల్లో కండ బరువు కంటే ముందు బలం తగ్గడమే కనిపిస్తుంది.

పట్టు బలం. దీన్ని డైనమోమీటర్ అనే చేతి పరికరంతో కొలుస్తారు. హైడ్రాలిక్ రకమైతే కూర్చోబెట్టి, మోచేయి 90 డిగ్రీలు వంచి, ఒంటికి దగ్గరగా ఉంచి. స్ప్రింగ్ రకమైతే నిలబెట్టి, చేయి చాచి. హ్యాండిల్ చేతికి సరిపడేలా పెట్టండి. "నొక్కు, నొక్కు, ఇంకా" అని ప్రతి ఒక్కరికీ ఒకే తీరుగా చెప్పండి. ఊపిరి బిగపట్టనివ్వద్దు. ఒక్కో చేతికి మూడుసార్లు, మధ్యలో నిమిషం విరామం, అన్నిటిలో పెద్ద అంకె. మగవాళ్లకు 28, ఆడవాళ్లకు 18 కిలోల కంటే తక్కువైతే బలం తగ్గినట్టు (ఆసియా గ్రూప్, 2019).

కుర్చీ పరీక్ష. సుమారు 43 సెంటీమీటర్ల ఎత్తున్న గట్టి కుర్చీ, గోడకు ఆనించి. ప్లాస్టిక్ కుర్చీ వద్దు, వంగుతుంది, జారుతుంది. చేతులు ఛాతీ మీద కట్టుకుని ఐదుసార్లు పూర్తిగా లేచి కూర్చోవాలి. 12 సెకన్లు, ఆపైన పడితే మందగించినట్టు. పక్కనే ఒక మనిషి నిలబడాలి.

నడక. 6 మీటర్లు గుర్తుపెట్టి, అటూ ఇటూ కొంచెం ఎక్కువ దూరం వదలండి. మామూలు నడకే. 6 సెకన్లు దాటితే నెమ్మది.

పిక్క చుట్టుకొలత మగవాళ్లకు 34, ఆడవాళ్లకు 33 సెంటీమీటర్ల కంటే తక్కువైతే కండ తగ్గిందని అనుమానించి పై పరీక్షలు చేయాలి.

ఈ మధ్యే గుండెపోటు వచ్చినవాళ్లకు, తుంటి, మణికట్టు ఆపరేషన్ అయినవాళ్లకు, నిలబడితే కళ్లు తిరిగేవాళ్లకు డాక్టర్ సరేనన్నాకే.

## 9. రోగుల్లో మార్చుకోవాల్సినవి

ముందు వాపు చూడండి. కాలి ముందు ఎముక మీద బొటనవేలితో కొన్ని సెకన్లు నొక్కి వదలండి. గుంట మిగిలితే నీరు పట్టినట్టే. అప్పుడు పిక్క కొలత, బీఐఏ, బరువు మూడూ మోసం చేస్తాయి. జబ్బ కండ, పట్టు బలం మీద ఆధారపడండి.

డయాలసిస్: డయాలసిస్ అయ్యాక, కాసేపు ఆగి, ప్రతిసారీ వారంలో అదే రోజు. ఫిస్టులా (డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపిన చోటు) ఉన్న చేతికి పట్టు పరీక్ష, టేపు, కాలిపర్ ఏవీ వద్దు. రెండో చెయ్యి వాడి, ఏ చెయ్యో రాయండి.

పక్షవాతం: మంచి వైపే కొలవండి. బలహీనమైన వైపు విడిగా రాస్తే ఫిజియోకు పనికొస్తుంది.

మంచం మీద ఉన్నవాళ్లు: వెల్లకిలా పడుకోబెట్టి మోకాలు మడిచి పిక్క, ఆపైన జబ్బ, పట్టు. చాలు. వాళ్లను కదిపి అలసట పెట్టి తీసే మరో అంకెతో పెద్ద లాభం లేదు.

డైటింగ్ లేకుండానే 6 నెలల్లో బరువు 5 శాతం కంటే ఎక్కువ తగ్గితే అది కొలతల పని కాదు, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిన విషయం. టీబీ, థైరాయిడ్, షుగర్, క్యాన్సర్ ఏదైనా కావచ్చు.

## 10. మీ చేతి తప్పు ఎంతో లెక్కకట్టండి

చాలామంది దీన్ని వదిలేస్తారు. వదిలేస్తే "నిజంగా తగ్గిందా" అన్న ప్రశ్నకు ఎప్పటికీ జవాబు ఉండదు.

10 మందిని ఒకే పూట రెండుసార్లు కొలవండి. ఒక్కొక్కరికి రెండు మొత్తాల తేడా తీసి వర్గం చేయండి. అన్నీ కలిపి 20తో (మనుషుల సంఖ్యకు రెట్టింపు) భాగించి వర్గమూలం తీయండి. అదే మీ కొలత తప్పు. దాన్ని 2.77తో గుణిస్తే, నిజమైన మార్పు అనుకోవడానికి కనీసం ఎంత తేడా రావాలో తెలుస్తుంది.

ఉదాహరణకు వర్గాల మొత్తం 45 అనుకోండి. 20తో భాగిస్తే 2.25, వర్గమూలం 1.5 మిల్లీమీటర్లు. 2.77తో గుణిస్తే సుమారు 4.2. అంటే ఆటగాడి ఎనిమిది మడతల మొత్తం 68 నుంచి 65కు వస్తే ఏమీ చెప్పలేం. 60కి వస్తే నిజంగా తగ్గింది.

డెక్సా సెంటర్‌నూ ఇదే అడగండి. లీన్ మీద వాళ్ల తప్పు 0.4 కిలోలయితే, 1.1 కిలోల కంటే చిన్న తేడాను పట్టించుకోవద్దు.

## 11. బరువు కేటగిరీ నిర్ణయించే ముందు

కొవ్వు లేని బరువును, 1 లోంచి మిగలాల్సిన కనీస కొవ్వు వాటా తీసేసిన అంకెతో భాగిస్తే కనీస బరువు వస్తుంది. అమెరికా కాలేజీ కుస్తీలో మగవాళ్లకు ఆ కనీసం 5 శాతం.

70 కిలోల కుస్తీ ఆటగాడికి కొవ్వు 12 శాతం వచ్చిందనుకోండి. కొవ్వు లేనిది 61.6 కిలోలు. 0.95తో భాగిస్తే 64.8. ఇప్పుడు ఆ 12 శాతం మూడు శాతం అటూ ఇటూ ఉండవచ్చనుకుని మళ్లీ కట్టండి. నిజానికి 9 శాతమే అయితే కనీసం 67.1 కిలోలు, 15 అయితే 62.6. ఒక్క కొలత తప్పు నాలుగున్నర కిలోల తేడా తెచ్చింది. కాబట్టి ఎప్పుడూ ఎక్కువ బరువు వచ్చే లెక్కనే హద్దుగా పెట్టుకోండి. నీళ్లు మానేసి, ఆవిరి గదిలో కూర్చుని దిగే బరువుకు ఈ లెక్కలో చోటు లేదు.

18 ఏళ్లలోపు పిల్లలకు డాక్టర్ అడిగితే తప్ప కొవ్వు శాతం తీయవద్దు. ఎవరి అంకెనూ జట్టు ముందు చదవవద్దు, నోటీసు బోర్డు మీద పెట్టవద్దు. అమ్మాయిలను ఆడవాళ్లే, తలుపు వేసిన గదిలో, వాళ్లు సరేనన్నాకే కొలవాలి. ఒక చిన్న అమ్మాయికి అందరి ముందు చెప్పిన ఒక్క శాతం ఆమెను తిండికి దూరం చేయగలదు. నెలసరి ఆగిపోయిన క్రీడాకారిణికి కావాల్సింది ఇంకో కాలిపర్ కొలత కాదు, డాక్టర్, సరిపడా తిండి.

## 12. అంకెలు కలిపి చదవడం

- బరువు తగ్గింది, మడతలు తగ్గాయి, పట్టు అలాగే ఉంది: కొవ్వు పోయింది. కొనసాగించండి
- బరువు తగ్గింది, మడతలు అంతే, జబ్బ కండ, పట్టు తగ్గాయి: కండ పోతోంది. తిండి, ప్రొటీన్, బరువుల వ్యాయామం వెంటనే చూడాలి
- బరువు అంతే, నడుం పెరిగింది, పిక్క తగ్గింది: కొవ్వు పెరిగి కండ తగ్గుతోంది. షుగర్ పేషెంట్లలో ఇది ముఖ్యంగా చూడాలి
- బీఐఏలో కండ పెరిగింది, పట్టు తగ్గింది: ముందు వాపు చూడండి
- కండ అంకె అంతే, పట్టు బాగా పడిపోయింది: నరాలు, నొప్పి, నిద్ర, జబ్బు ఏమున్నాయో డాక్టర్‌ను అడగాలి

## 13. తరచూ జరిగే పొరపాట్లు, సరిచేసే దారి

వారం వారం కొలవడం. కండ అంత వేగంగా మారదు, టెన్షన్ మాత్రం పెరుగుతుంది. మడతలు, బీఐఏ 4 వారాలకోసారి, పట్టు 2 నుంచి 4 వారాలకోసారి.

కొలిచే మనిషి మారడం. ఇద్దరు తప్పనిసరైతే, ఇద్దరూ ఒకే పదిమందిని కొలిచి తేడా ఎంతో ముందే తెలుసుకోవాలి.

పాత అంకె చూసి కొత్తది చదవడం. తెలియకుండానే దానికి దగ్గరగా చదువుతాం. పాత షీటు మూసి పెట్టి, అంకెలు ఇంకొకరు రాయాలి.

ప్రాక్టీస్ అయ్యాక కొలవడం. చెమట, వేడెక్కిన చర్మం వల్ల బీఐఏ ఎటైనా జారుతుంది, మడతలు సరిగా చేతికి రావు. కొలతలు ముందు, పట్టు, కుర్చీ, నడక పరీక్షలు తర్వాత, ప్రాక్టీస్ చివర.

## 14. ప్రతిసారీ షీటులో రాయాల్సినవి

- తేదీ, టైమ్, చివరిసారి తిన్న టైమ్
- గది వేడి, సీజన్
- కొలిచినవారి పేరు, మెషిన్ పేరు, మోడల్
- నెలసరి రోజు, వాపు ఉందా, లేదా
- క్రియాటిన్, కొత్త మందులు, ముఖ్యంగా స్టెరాయిడ్లు, నీటి మాత్రలు (మూత్రం ఎక్కువగా పోయేలా చేసేవి)
- ఒంటి మీద తీయని నగలు
- బరువు, ఎత్తు, నడుం, జబ్బ, పిక్క
- ఎనిమిది మడతలు విడివిడిగా, మొత్తం
- పట్టు: ఏ చెయ్యి, మూడు అంకెలూ
- కుర్చీ, నడక సెకన్లు
- కొలతలో ఏదైనా తేడాగా అనిపిస్తే ఒక వాక్యం
- మళ్లీ కొలిచే తేదీ, అదే టైమ్‌కు